జనవరిలో జాఫ్నా వెళ్ళొచ్చా? వెళ్ళండి, కానీ నాలుగు రాత్రులు ఉండేలా వెళ్ళండి

ముందు మీరడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి మీరు, మీ మిసెస్, అరవై దాటిన మీ అత్తయ్యగారు, జనవరిలో వారం రోజులు శ్రీలంక. ఏ ఏజెంట్‌ని అడిగినా కాండీ, నువారా ఎలియా, ఎల్లా, బెంటోటా అనే ఒకే ప్యాకేజీ ఇస్తున్నారు, మీకేమో టూరిస్టుల తోపులాట లేని చోటు కావాలి, ఉత్తరాన జాఫ్నా ఉందని విన్నారు. అక్కడ సేఫేనా, చూడ్డానికేముంది, అత్తయ్యగారు ఉల్లిపాయ తింటారు గానీ గుడ్డు కూడా ముట్టరు కాబట్టి తిండి ఎలా, ఇదీ ప్రశ్న.

సూటిగా సమాధానం: వెళ్ళండి, సేఫే. వెజ్ తినేవాళ్ళకి శ్రీలంక మొత్తమ్మీద జాఫ్నా కంటే సుఖమైన ఊరు నాకు తెలీదు. కానీ కాండీ ట్రిప్పు చివర్లో ఒక్కరోజు ఇరికించి మాత్రం వెళ్ళొద్దు. తక్కువలో తక్కువ నాలుగు రాత్రులు జాఫ్నాలోనే ఉండేలా చూసుకోండి.

నేను ఉద్యోగం మీద చాలా ఏళ్ళు కొలంబోలో ఉన్నాను, పని వల్ల ఉత్తరానికి తరచూ వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు చెన్నైలో ఉంటున్నా మావాళ్ళనీ ఫ్రెండ్స్‌నీ తీసుకెళ్తూనే ఉన్నాను. అందుకని ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

నాలుగు రాత్రులు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, అక్కడ సిగిరియా కొండలాగా ఒక్క చూపుకి నోరెళ్ళబెట్టే స్పాట్ ఏదీ లేదు. లిస్టు పట్టుకుని తిరిగేవాళ్ళకి ఒక కోట, ఒక లైబ్రరీ, ఒక గుడి, మధ్యాహ్నానికల్లా అయిపోయింది అనిపిస్తుంది. నాకు తెలిసిన ఒక జంట అలాగే పొద్దున రైలు దిగి మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయారు, అక్కడేం లేదండీ అన్నారు. అదే మా పిన్నీ బాబాయీ ఒక ఇంట్లో గది తీసుకుని అయిదు రోజులున్నారు, రోజుకి ఒక దిక్కుకి మాత్రమే వెళ్ళి, మధ్యాహ్నం ఎండకి పడుకుని, సాయంత్రం మళ్ళీ బయటికొచ్చేవాళ్ళు. వాళ్ళు ఇప్పటికీ ఆ ఇంటావిడతో వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నారు. ఆ ఊరు అలా ఉండేవాళ్ళకే అందుతుంది, దానికోసం వెళ్తేనే వెళ్ళాలి.

కొంచెం నేపథ్యం. నార్తర్న్ ప్రావిన్స్ అంటే జాఫ్నా, కిలినొచ్చి, ముల్లైతీవు, మన్నార్, వవునియా, ఈ ఐదు జిల్లాలు. జనం మాట్లాడేది తమిళం. 1983 నుంచి 2009 మే దాకా ప్రభుత్వ సైన్యానికీ, తమిళులకి వేరే దేశం కావాలన్న ఎల్టీటీఈకీ మధ్య యుద్ధం జరిగింది ఎక్కువగా ఈ నేల మీదే. కొలంబో నుంచి జాఫ్నా వెళ్ళే రైలు 1990లో ఆగిపోతే మళ్ళీ జాఫ్నా స్టేషన్‌కి వచ్చింది 2014 అక్టోబరులో, ఆ ట్రాక్ వేసింది మన ప్రభుత్వ రైల్వే నిర్మాణ కంపెనీ ఇర్కానే. దాదాపు పాతికేళ్ళు రైలు లేని ఊరికి టూరిస్ట్ బస్సులు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి. హోటళ్ళు, గైడ్లు, ప్యాకేజీలు అన్నీ దక్షిణాన స్థిరపడిపోయాయి. జనం తక్కువ ఉండడానికి కారణం అదే, అంతేగానీ ఊళ్ళో విషయం లేక కాదు.

సేఫ్టీ గురించి. రాత్రి తొమ్మిదికి ఆటోలో గెస్ట్‌హౌస్‌కి రావడం, ఆడవాళ్ళు మార్కెట్‌కి వెళ్ళడం, వీటికి నేనెప్పుడూ భయపడలేదు, మావాళ్ళూ భయపడలేదు. ఊరు తొందరగా నిద్రపోతుంది, ఎనిమిదిన్నరకే షాపులు మూస్తారు, అంతే. కాకపోతే మూడు విషయాలు సీరియస్‌గా తీసుకోండి. ఒకటి, ఆర్మీ, నేవీ క్యాంపులు ఎక్కువ, వాటివైపు ఫోన్ ఎత్తి ఫోటో తియ్యొద్దు, పర్మిషన్ లేకుండా డ్రోన్ అసలు వద్దు. రెండు, కిలినొచ్చి, ముల్లైతీవు వైపు, ముఖ్యంగా ముహమాలై చుట్టుపక్కల, ల్యాండ్‌మైన్లు తీసే పని ఏళ్ళ తరబడి నడుస్తోంది. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు కనిపిస్తే అది డెకరేషన్ కాదు. రోడ్డు దిగి పొదల్లోకి వెళ్ళడం, పాడుబడ్డ ఇళ్ళలోకి దూరి ఫోటోలు దిగడం చెయ్యకండి. మూడోది దోమలు. వర్షాలైపోయాక డిసెంబరు, జనవరిల్లో జాఫ్నాలో డెంగీ పెరుగుతుంటుంది, ఓడోమాస్ రోజూ రాసుకోండి, గదిలో దోమతెర ఉందో లేదో బుకింగ్ ముందే అడగండి. నిజానికి మీ ముగ్గురికీ ఆ మూడింటిలో దోమే పెద్ద సంగతి.

వాతావరణం: మీరు జనవరి ఎంచుకోవడం మంచిదైంది. అక్కడ వానంతా మన కోస్తాకీ తమిళనాడుకీ పడ్డట్టే ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. జనవరికి చెరువులు నిండి, పొలాలు పచ్చగా, ఎండ ఓర్చుకునేట్టు ఉంటుంది. మొదటి వారం కంటే సంక్రాంతి తర్వాత ఇంకా నయం. సంక్రాంతికే అక్కడ ఉండగలిగితే తై పొంగల్ పొద్దున్న ప్రతి ఇంటి ముందు ముగ్గేసి కుండ పొంగిస్తారు, అత్తయ్యగారికి తప్పకుండా నచ్చుతుంది. ఏప్రిల్, మే ఎండలు మాత్రం మన రెంటచింతల గుర్తొస్తుంది. ఆగస్టులో జాఫ్నాలోని నల్లూరు సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉత్సవం, అప్పుడు కెనడా, లండన్ నుంచి వాళ్ళవాళ్ళంతా దిగుతారు, గదులు దొరకవు.

ఎలా వెళ్ళాలి? రెండు దారులు. చెన్నై నుంచి జాఫ్నాకి డైరెక్ట్‌గా చిన్న ఫ్లైట్లున్నాయి, పలాలి ఎయిర్‌పోర్ట్‌లో దిగుతారు, గంట పైచిలుకు ప్రయాణం, అక్కణ్ణుంచి ఊళ్ళోకి అరగంట. హైదరాబాద్ నుంచి చెన్నై మారి ఇలా వెళ్ళి, తిరుగు ప్రయాణం కొలంబో నుంచి హైదరాబాద్ పెట్టుకుంటే వెళ్ళిన దారినే వెనక్కి రావక్కర్లేదు. మీకు నేను చెప్పేది ఇదే. రెండో దారి కొలంబోలో దిగి రైలెక్కడం, సుమారు 400 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. అనురాధపురం దాటాక ఊళ్ళు పల్చబడి, కిలినొచ్చి తర్వాత ఎలిఫెంట్ పాస్ దగ్గర రెండువైపులా ఉప్పునీటి పర్ర కనిపిస్తుంది, ఆ కాసేపు కిటికీ దగ్గరే కూర్చోండి. రిజర్వేషన్ ఒక నెల ముందే చేసుకోండి, వర్షాల తర్వాత లైన్ రిపేర్లుంటాయి కాబట్టి రైలు నడుస్తోందో లేదో కనుక్కున్నాకే ప్లాన్ ఖాయం చేసుకోండి. నాగపట్నం నుంచి కంకేసంతురైకి షిప్పు కూడా 2023లో మొదలైంది, కుర్రాళ్ళకి బావుంటుంది, కానీ సముద్రం బాగోకపోతే క్యాన్సిల్ అవుతుంది, అత్తయ్యగారితో వద్దు. వీసాకి ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, ఫీజు, రూల్స్ తరచూ మారుస్తున్నారు కాబట్టి టికెట్లు కొనే రోజునే శ్రీలంక ప్రభుత్వ సైట్‌లో చూసుకోండి, బ్రోకర్ సైట్లు అచ్చం అలాగే ఉంటాయి జాగ్రత్త.

ఇక్కణ్ణుంచి రోజుల సంగతి.

ఊళ్ళో మొదటి రోజు కోట, లైబ్రరీ, మార్కెట్ చాలు. కోట పోర్చుగీసువాళ్ళు మొదలుపెట్టారు, 1658లో డచ్చివాళ్ళు పట్టుకుని పెద్దది చేశారు, ఐదు మూలల నక్షత్రం ఆకారం. లోపల పెద్దగా ఏమీ మిగల్లేదు, డచ్ చర్చి కూడా యుద్ధంలో నేలమట్టమైంది. సాయంత్రం అయిదింటికి వెళ్ళి బురుజు మీద కూర్చుంటే లగూన్ మీద గాలి, వలలేసే పడవలు, అంతే, అది చాలు. దానికి నడిచే దూరంలోనే జాఫ్నా పబ్లిక్ లైబ్రరీ, తెల్లటి గుమ్మటాల బిల్డింగ్. దీన్ని ఒక ఫోటో దిగి వదిలెయ్యకండి. 1981 మే 31 రాత్రి మొదలుపెట్టి దీన్ని తగలబెట్టారు, దాదాపు 97,000 పుస్తకాలు కాలిపోయాయి, అందులో మళ్ళీ ఎక్కడా దొరకని తాళపత్రాలున్నాయి. యుద్ధం ఎందుకొచ్చిందని అడిగితే ఆ ఊరి పెద్దవాళ్ళు చాలామంది ముందు చెప్పేది ఈ రాత్రి సంగతే. ఇప్పుడు మళ్ళీ కట్టిన దాంట్లో పిల్లలు పరీక్షలకి చదువుకుంటూ ఉంటారు. సందర్శకులకి వేరే టైమింగ్స్ ఉంటాయి, గెస్ట్‌హౌస్‌లో అడిగి వెళ్ళండి, చెప్పులు బయట విప్పాలి, గట్టిగా మాట్లాడొద్దు.

యుద్ధం సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్తాను. మీరుగా అడగొద్దు. ఆటో డ్రైవర్‌ని, హోటల్లో వడ్డించే అమ్మాయిని "అప్పుడు మీరెక్కడున్నారు, మీవాళ్ళెవరైనా పోయారా" అని అడిగేవాళ్ళని చూశాను, నాకు చాలా బాధేసింది. అక్కడ ఎవరూ పోని ఇల్లు దొరకడం కష్టం. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి, మీ అభిప్రాయం చెప్పకండి, ఎల్టీటీఈ నాయకుడు ప్రభాకరన్ మంచోడా చెడ్డోడా అన్న చర్చ అస్సలొద్దు. అదే ఊళ్ళో ముస్లిం వీధి ఉంది, 1990 అక్టోబరులో ఎల్టీటీఈ ఉత్తరాదిలో ఉన్న ముస్లింలందర్నీ ఇళ్ళలోంచి వెళ్ళగొట్టింది, వాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో గాయం ఉంది, వారం రోజులకి వచ్చిన మనం తీర్పులు చెప్పేది కాదు.

నల్లూరు కందస్వామి గుడి. ఇది రోజూ వెళ్ళినా బావుంటుంది, ఎందుకంటే పూజలు గడియారం ప్రకారం నడుస్తాయి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు, సాయంత్రం పూజకి ఆఫీసుల నుంచి, కాలేజీల నుంచి జనం సైకిళ్ళ మీద వచ్చేస్తారు. వీఐపీ లైను ఉండదు, అర్చన టికెట్ 1 రూపాయి. మగవాళ్ళు చొక్కా, బనీను తీసి వెళ్ళాలి, పంచె ఉంటే మంచిది, షార్ట్స్‌తో రానివ్వరు, లోపల ఫోటోలు లేవు. అత్తయ్యగారు చీర, మీ మిసెస్ చీరో పంజాబీ డ్రెస్సో వేసుకుంటే ఇబ్బందే లేదు. గుడి అయ్యాక దగ్గర్లోనే రియో ఐస్‌క్రీమ్ షాపు ఉంది, ఊరంతా అక్కడే ఉంటుంది, మీరూ వెళ్ళండి.

నైనాతీవు ఒక పూర్తి రోజు. జాఫ్నా నుంచి సముద్రం మధ్య కట్టిన కాజ్‌వే మీద దీవులు దాటుకుంటూ కురికట్టువాన్ జెట్టీకి గంట ప్రయాణం, అక్కడ పడవెక్కితే ఇరవై నిమిషాలు. ఆ దీవిలో నాగపూషణి అమ్మన్ గుడి ఉంది, దాన్ని శక్తిపీఠంగా కొలుస్తారు, కాస్త నడిస్తే నాగదీప బౌద్ధ విహారం, బుద్ధుడు అక్కడికి వచ్చాడని సింహళ బౌద్ధుల నమ్మకం. ఒకే పడవలో తమిళ భక్తులు, సింహళ భక్తులు కలిసి కూర్చుని వెళ్తారు. మధ్యాహ్నం అమ్మన్ గుడిలో అన్నదానం ఉంటుంది, తినండి. అత్తయ్యగారి గురించి ఒక్క జాగ్రత్త: పడవ లోపలికి దిగే మెట్లు ఇరుగ్గా, తల వంచుకుని వెళ్ళేలా ఉంటాయి, లోపల గాలి ఆడదు. మోకాళ్ళ నొప్పులుంటే పడవవాళ్ళకి ముందే చెప్పండి, చెయ్యి పట్టుకుని దింపుతారు. పౌర్ణమి రోజు అక్కడ సెలవు, ఆ రోజున, శని ఆదివారాల్లో దక్షిణం నుంచి బస్సుల కొద్దీ యాత్రికులు వస్తారు, కాబట్టి మంగళవారమో బుధవారమో ఉదయం ఏడున్నరకల్లా జెట్టీలో ఉండండి.

అదే జెట్టీ నుంచి డెల్ఫ్ట్ అనే ఇంకో దీవికి వెళ్ళొచ్చు, తమిళంలో నెడుంతీవు. గంట సముద్రం. పగడపు రాళ్ళు పేర్చి కట్టిన ప్రహరీ గోడలు, ఒకప్పుడు తెల్లదొరలు వదిలేసిన గుర్రాల సంతతి గుంపులుగా మైదానంలో తిరగడం, ఒక పెద్ద బావోబాబ్ చెట్టు (లావుపాటి మానుండే ఆఫ్రికా చెట్టు). నాకు ప్రాణం ఆ దీవి అంటే. కానీ పొద్దున పడవ, మధ్యాహ్నం పడవ అన్నట్టు కొన్నే ట్రిప్పులు, అలలు కూడా గట్టిగా ఉంటాయి, మీరిద్దరూ వెళ్ళండి, అత్తయ్యగార్ని ఆ రోజు గెస్ట్‌హౌస్ ఇంటావిడకి అప్పజెప్పండి. ఇద్దరికీ భాష రాకపోయినా వంటింట్లో కలిసిపోతారు, మా పిన్ని విషయంలో చూశాను.

ఇంకొక రోజు ఉత్తరపు అంచు. కీరిమలై దగ్గర సముద్రాన్ని ఆనుకునే మంచినీటి ఊట ఉంది, ఆడవాళ్ళకి మగవాళ్ళకి వేరు వేరు కోనేర్లు, పక్కనే నగులేశ్వరం శివాలయం. జాఫ్నా ద్వీపకల్పంలో ఏడాదంతా పారే నది ఒక్కటీ లేదు, కింద అంతా సున్నపురాయి, వాన నీరు ఆ రాతి సందుల్లోకి దిగి కింద ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, బావుల్లోంచి తోడుకుంటారు, అలా ఊటలుగా కూడా బయటికొస్తుంది. ఆ ఎర్రమట్టిలో ఉల్లి, మిరప, పొగాకు, ద్రాక్ష ఎలా పండిస్తారో రోడ్డు పక్కన ఆపి చూడండి, చిన్న చిన్న మడులు, ఒక్క అంగుళం వదలరు. కీరిమలై, పలాలి వైపు ఏళ్ళ తరబడి మిలిటరీ హై సెక్యూరిటీ జోన్, భూములు కొంచెం కొంచెంగా తిరిగిచ్చారు, అందుకే దారిలో కప్పుల్లేని ఇళ్ళు, గోడల్లోంచి మొలిచిన చెట్లు, వాటి పక్కనే కొత్తగా రంగేసిన ఇల్లు కనిపిస్తాయి. తర్వాత తూర్పుగా పాయింట్ పెడ్రో, పరుత్తితురై అంటారు, దేశానికి ఉత్తరపు కొస. అక్కడ వడ అని అమ్మేది మన పప్పుచెక్క లాగే పల్చగా కరకరలాడుతుంది, పాకెట్లు కొనుక్కోండి, వారం నిలవుంటాయి. ఇంకా కిందికి వెళ్తే మణల్‌కాడులో ఇసుక దిబ్బలు, వాటిల్లో సగం పూడిపోయిన పాత చర్చి.

దారిలో చున్నాకం దగ్గర కందరోడై అని ఉంది, తాటిచెట్ల మధ్య చిన్న చిన్న స్తూపాలు అరవై దాకా గుంపుగా ఉంటాయి. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ చూసినవాళ్ళకి వెంటనే అదే గుర్తొస్తుంది. నాగార్జునకొండలో సింహళ విహారం అని ఒకటి ఉండేది కదా, సింహళ భిక్షువుల కోసం కట్టింది, ఈ రెండు తీరాల మధ్య రాకపోకలు ఎంత పాతవో ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. పావుగంట చాలు గానీ వదలొద్దు.

ఇప్పుడు తిండి, నాకిష్టమైన సంగతి. శ్రీలంక దక్షిణాన వెజ్ వాళ్ళకి ఒక చిక్కుంది. సంబల్ అనే కొబ్బరి పచ్చడిలో, కూరల్లో కూడా ఎండు మాల్దీవ్ చేప పొడి వేస్తారు, అడిగినా "నో ఫిష్, ఓన్లీ లిటిల్" అంటారు, వాళ్ళ లెక్కలో అది మసాలా. జాఫ్నాలో శైవ సంప్రదాయం వల్ల పూర్తి వెజ్ హోటళ్ళు వేరుగా ఉంటాయి, బోర్డు మీదే "సైవ" అని రాసుంటుంది, అక్కడ అత్తయ్యగారు కళ్ళు మూసుకుని తినొచ్చు. మార్కెట్ దగ్గర మలయన్ కెఫే పాత హోటల్, అరిటాకులో భోజనం, ఇడియాప్పం (సేమ్యాలా ఒత్తి ఆవిరి మీద ఉడికించేది), పిట్టు (ఆవిరి మీద ఉడికించిన పొడిపిండి), సొది అనే పల్చటి కొబ్బరిపాల పులుసు. జాఫ్నా కారం పొడి వేరే లెవెల్, ఎండుమిర్చి, ధనియాలు, సోంపు బాగా వేయించి నల్లగా కొడతారు, ఘాటు మన గుంటూరువాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. మీరిద్దరూ నాన్‌వెజ్ తింటే పీతల కూర, మటన్ రోల్ వదలొద్దు.

కానీ అసలు చెప్పాల్సింది తాటిచెట్టు గురించి. ఆ ప్రావిన్స్ బతుకంతా తాటి మీదే, యుద్ధంలో లక్షల చెట్లు పోయినా ఇంకా ఎటు చూసినా అవే. మాది పాలకొల్లు వైపు, చలికాలంలో తంపటేసిన తేగలు (తాటి టెంక మొలకలు) తిని పెరిగినవాణ్ణి, తాటి తాండ్ర, తాటి బెల్లం తెలుసు. మనం అక్కడితో ఆగిపోయాం, వాళ్ళు ఆగలేదు. తేగని నిలువునా చీల్చి ఎండబెడతారు, అది ఒడియల్. ఉడికించి ఎండబెట్టింది ఇంకో రకం, కొబ్బరి ముక్కతో కలిపి నమిలి తింటారు. ఒడియల్‌ని పిండి కొట్టి పిట్టు చేస్తారు, ఆ పిండితోనే చేపలు, రొయ్యలు, పీత, పనస గింజలు, మునగాకు వేసి కూళ్ అనే చిక్కటి జావ కాస్తారు, తాటాకు దొన్నెలో పోసుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని తాగుతారు. అన్నం లేని రోజుల్లో, యుద్ధంలో రోడ్లు మూసేసి బియ్యం రాని రోజుల్లో, ఈ పిండే నిలబెట్టిందని పెద్దవాళ్ళు చెప్తుంటే విన్నాను. కూళ్ హోటళ్ళలో అన్నిచోట్లా దొరకదు, హోమ్‌స్టేలో ఒకరోజు ముందు అడిగితే చేస్తారు, అత్తయ్యగారికి చేప లేకుండా వేరుగా కాయమనండి. ముంజలు జనవరిలో ఉండవు, తేగలు మాత్రం సరిగ్గా సీజనే. తాటి బెల్లం, ఒడియల్, తాటాకు బుట్టలు పామైరా (తాటి) బోర్డు షాపుల్లో, మార్కెట్లో కొనండి, డబ్బు నేరుగా ఆ పని చేసే ఆడవాళ్ళకి చేరుతుంది.

బస విషయంలో నా మాట: పెద్ద హోటల్ వద్దు, నల్లూరు చుట్టుపక్కల ఇంట్లోనే గదులిచ్చేవాళ్ళు చాలామంది, అక్కడ తీసుకోండి. ఇంటి పిల్లలు టొరొంటోలోనో పారిస్‌లోనో ఉంటారు, పెద్దవాళ్ళు పై గదులు అద్దెకిస్తారు. ఏసీ, వేడినీళ్ళు, వెస్టర్న్ టాయ్‌లెట్ ఉన్నాయా, అత్తయ్యగారికి కింది అంతస్తులో గది ఉందా, ఇవి ఫోన్ చేసి అడగండి, ఆన్‌లైన్ ఫోటోల మీద ఆధారపడొద్దు. ఊళ్ళో ఆటోలు మన ఓలా లాంటి పిక్‌మీ యాప్‌లో దొరుకుతాయి, దూరాలకి ఇంటివాళ్ళనే అడిగితే తెలిసిన డ్రైవర్‌ని పిలుస్తారు, రోజంతా అతనే. మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడు పైనే వస్తాయి, కొలంబోలో క్యూఆర్ కోడ్ నడిచినా ఇక్కడ దీవుల్లో, గుళ్ళ దగ్గర, చిన్న షాపుల్లో నోట్లే కావాలి. ఇంగ్లిష్ ఓ మోస్తరుగా నడుస్తుంది, చెన్నై తమిళం నాలుగు ముక్కలొస్తే ఇంకా సుఖం, వాళ్ళ తమిళం వేరు యాసలో నిదానంగా, ఎంతో మర్యాదగా ఉంటుంది.

మిగిలిన మూడు రోజులు ఏం చెయ్యాలి? ఇక్కడ మీరు ఒకటి ఎంచుకోవాలి.

అత్తయ్యగారు "లంకాయాం శాంకరీ దేవి" చదువుకునే మనిషైతే (చదువుతారనే అనుకుంటున్నాను) ఆవిడ మొదట అడిగేది ఆ గుడే. అది జాఫ్నాలో లేదు, నైనాతీవుది కూడా కాదు. అష్టాదశ పీఠాల్లో మొదటిదిగా మనవాళ్ళు దర్శనం చేసుకునేది ట్రింకోమలీలో, కోణేశ్వరం కొండ మీద, అది ఈస్టర్న్ ప్రావిన్స్. పాత గుడిని పోర్చుగీసువాళ్ళు 17వ శతాబ్దంలో కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. జాఫ్నా నుంచి కారులో నాలుగైదు గంటలు, రెండు రాత్రులు పెట్టుకోండి, జనవరిలో అక్కడ సముద్రంలో దిగే పరిస్థితి ఉండదు, గుడి, వేడినీటి ఊటలు చూసుకుని అట్నుంచి అనురాధపురం ఒక రాత్రి, తర్వాత కొలంబో ఎయిర్‌పోర్ట్. మీ ముగ్గురికీ ఇదే కుదురుతుంది అనుకుంటాను.

మీరిద్దరే అయ్యుంటే మన్నార్ చెప్పేవాణ్ణి. జనవరి నుంచి మార్చి దాకా వంకాలై పర్రల్లో ఫ్లెమింగోలు దిగుతాయి, మన పులికాట్‌లాగే, కానీ గట్టు మీద మీరు తప్ప ఎవరూ ఉండరు. ఊళ్ళో గాడిదలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, అరబ్బు వర్తకులు తెచ్చారని చెప్పే బావోబాబ్ చెట్టు ఉంది, తిరుకేతీశ్వరం శివాలయం ఉంది. దీవి చివర తలైమన్నార్, అక్కణ్ణుంచి ధనుష్కోటి వైపు ఇసుక తిన్నెలు వరసగా వెళ్తాయి, అదే మన రామసేతు. 1964 తుఫానులో ధనుష్కోటి కొట్టుకుపోయేదాకా అక్కడికి స్టీమర్ వచ్చేది, మద్రాసులో రైలెక్కి, స్టీమర్ దాటి, ఇటు మళ్ళీ రైలెక్కి కొలంబో వెళ్ళేవాళ్ళు. హోటళ్ళు తక్కువ, దూరాలెక్కువ, ఎండ ఎక్కువ, పెద్దవాళ్ళకి విసుగు.

ఎవరు వెళ్ళకూడదో కూడా చెప్పాలి. బీచ్ రిసార్టు, పబ్బు, వాటర్ స్పోర్ట్స్ కావాలంటే వద్దు, దక్షిణానికే వెళ్ళండి. కారైనగర్ దగ్గర కాజువారినా బీచ్ ఉంది, నీళ్ళు నడుం లోతు దాకా ప్రశాంతంగా ఉంటాయి, కానీ అది ఊరి జనం పిల్లల్తో వచ్చే చోటు, బట్టలతోనే దిగుతారు, మీరూ అలాగే దిగాలి. మొదటిసారి శ్రీలంక వెళ్తున్నాం, టీ తోటలు చూడకపోతే మిసెస్ బాధపడతారు అంటే నిజాయితీగా చెప్తున్నా, ఈసారికి కాండీయే వెళ్ళి రండి. రెండూ వారంలో కలపాలని చూస్తే సగం రోజులు కారులోనే గడిచిపోతాయి, అత్తయ్యగారి నడుం పట్టేస్తుంది.

చివరగా అత్తయ్యగారి బ్యాగులో రెండు కాటన్ చీరలు ఎక్కువ పెట్టండి, గుళ్ళలో ఉప్పుగాలికి, చెమటకి పూటకొకటి మార్చాల్సొస్తుంది. కీరిమలైలో స్నానం చేస్తానంటే పాత చీర వేరే. బీపీ, షుగర్ మందులు వారానికి కాదు, పది రోజులకి, ప్రిస్క్రిప్షన్‌తో సహా పెట్టండి. నైనాతీవు రోజు పొద్దున్న టిఫిన్ తక్కువ తిననివ్వండి, అల్లం మురబ్బా చేతిలో ఉంచండి. డేట్లు ఖాయమయ్యాక చెప్పండి, పౌర్ణమి ఏ రోజు పడుతుందో చూసుకుని దీవి రోజు ఎప్పుడు పెట్టుకోవాలో రాస్తాను.